అరవై కొంగల అడ్వాన్సు

ఐదు నెలలు తప్పులేని లెక్కలు వేసి, నా భార్య సువర్ణ కుట్టు దుకాణాన్ని పుట్టకముందే దాదాపు ముంచేసిన ఘనుణ్ణి నేను. లెక్కలో ఒక్క పైసా తేడా లేదు. సిగ్గుపడాల్సింది అందుకే.

బడిలో నేను నేర్చింది కూడికల వరకే. మిగతాదంతా ఎరువుల దుకాణంలో గుమాస్తాగా ఉంటూ సొంతంగా పట్టుకున్న విద్య. మూడేళ్ల కిందట మస్కట్‌లో ఒక గోదాములో పని దొరికి వెళ్లాను. జహీరాబాద్‌లో మేము అద్దెకున్న ఇల్లు అల్లం వ్యాపారి వీరప్ప కాకది. మా అడ్వాన్సు ముప్పై వేలు ఆయన దగ్గరే ఉండిపోయింది. అది చేతికొస్తే సువర్ణ బస్టాండు దగ్గర ఒక గది మడిగె అద్దెకు తీసుకుని కుట్టు మిషన్లు పెట్టుకోవాలి.

వెళ్లిన కొత్తలో సెలవు రోజు మధ్యాహ్నాలు బాల్కనీలో కూర్చునేవాణ్ణి. దూరంగా సముద్రం ఉతికి ఆరేసిన నీలం చీరలా మెల్లగా ఊగేది. కళ్లు సగం మూతపడగానే ఐదు వందల నోట్లు అరవై, కొంగల్లా బారు తీరి నీళ్ల మీదుగా నా వైపు ఎగిరి వచ్చేవి. యాభై తొమ్మిదో కొంగ దగ్గర నిద్రపట్టేది. లేవగానే కాకకు ఫోన్.

"కాకా, అడ్వాన్స్ ఎప్పుడిస్తవ్?"

"ఇల్లు ఇంకా నీ కిందనే ఉన్నది గద నర్సింలూ. ఖాళీ అయినంక ఇస్త."

ఖాళీ కాలేదట. నాలాంటివాడికి ఆ మాట ఎక్కడ మండుతుందో మీకు చెప్పాలా?

"ఎందుకు కాలే? మంచం ఒకటి, బీరువ ఒకటి, గిన్నెలు ఇరవై మూడు. అన్ని ట్రాలీల ఏసి చిరాగ్‌పల్లి మా అత్తోరింటికి పంపిన."

"గిన్నెల ముచ్చట కాదు తమ్మి, జర ఇను..."

"నూటికి రెండు రూపాయల మిత్తి. నెలకు ఆరు వందలు. రాసుకో."

ఆయన మాట పూర్తయ్యేలోగా పెట్టేసేవాణ్ణి. ఆ తర్వాతి కలల్లో కొంగల వెనక నెలనెలా మిత్తి పిల్లలు కూడా ఎగిరేవి.

ఐదో నెలలో మడిగె యజమాని సువర్ణకు వారం గడువు పెట్టాడు. "పోయి కాకను నిలదియ్" అన్నాను. ఆమె అక్కడికి వెళ్లి వీడియో కాల్ చేసింది. తెరమీద మేమున్న ఇంటి పచ్చ తలుపు, దాని మీద ఒక ఇత్తడి తాళం, పక్కన కాక.

"ఈ తాళం నీదేనా?" అంది సువర్ణ.

నాదే. సామాన్లు పంపింది సోమవారం. మంగళవారం ఇంటి తాళంచెవి మా వైపు ఇచ్చేవాడు ఇవ్వడు, పుచ్చుకునేవాడు పుచ్చుకోడు. లక్ష్మి వెళ్లిపోతుందంటారు. అందుకని దేవుడి గూట్లో దీపం పెట్టి, బుధవారం ఇద్దామని తాళం వేశాను. బుధవారం తెల్లారేసరికి విమానంలో ఉన్నాను.

కలలో నడిచినట్టు లేచి వెళ్లి వెతికాను. గడ్డం గీసుకునే సామాన్ల సంచి అడుగున తాళంచెవి హాయిగా పడుకుని ఉంది. ఐదు నెలలుగా దాని పక్కనుంచే బ్లేడు తీసుకుంటున్నాను.

"పలగ్గొట్టకపోయినవా కాకా?" అన్నాను.

"దీపం వెట్టి తాళమేసిన ఇంటిని ఎట్ల పలగ్గొడ్త? చెప్దామంటే నువ్వు గిన్నెలు లెక్కవెడ్తవ్. నెలకు ఆరు వేల కిరాయి, ఐదు నెలలు. ఎంతయింది తమ్మి?"

ఆరైదులు ముప్పై వేలు, సరిగ్గా మా అడ్వాన్సు. సముద్రం మీద కొంగలు, పిల్లలతో సహా, వెనక్కి తిరిగాయి.

"నువ్వు జర ఊకో" అని నాతో అని, సువర్ణ ఫోన్ కాక వైపు తిప్పింది. "ఎవ్వరు పండని ఇంటికి కిరాయేంది కాకా? ముందటి రూం రోడ్డు మీదికే ఉన్నది. నాకియ్యి, మిషిన్లు వెట్టుకుంట. అడ్వాన్స్ నీ తాననే ఉండనియ్. పాత కిరాయి ఇడిసిపెట్టు."

కాక మీసం దువ్వుకున్నాడు.

"ఇస్త బిడ్డా. ఒక్కటే షరతు. నీ మొగడు ఇంక నాకు ఫోన్ల లెక్కలు జెప్పొద్దు."

"చెప్పడు కాకా. నాది పూచీ" అంది సువర్ణ, నన్ను అడగకుండానే.

ఆ సాయంత్రం బాల్కనీలో తూర్పుకు, అంటే జహీరాబాద్ వైపుకు, తిరిగి నిలబడి సముద్రం సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇకపై ఏ ఇల్లు వదిలినా ముందు నా జేబులు, ఆ తర్వాత నా సంచులు, అన్నిటికన్నా చివర ఎదుటివాడి నిజాయితీ వెతుకుతాను. వీరప్ప కాక చెవిన ఒక్క అంకె కూడా వేయను.

చెవి నా దగ్గరే ఉండిపోవడంతో సువర్ణ పగలగొట్టించిన తాళం ఖరీదు మూడు వందల నలభై. అది ఎవరి ఖాతాలో వేయాలో ఇప్పటికీ అడగలేదు.