కుంకుమ కన్నంలో కాటా

రాజాం ఊరి చివర ధర్మకాటాలో చీటీలిచ్చే కుర్చీ ఆరేళ్లుగా శైలజది. ఇంటర్‌తో చదువు ఆగింది. కంప్యూటరు ఇక్కడే నేర్చుకుంది. ట్రాక్టరు కాటా ఎక్కితే బరువు, గుప్పెడు ధాన్యం మీటరులో పోస్తే తేమ, రెండు వైర్ల గుండా ఆమె ముందున్న కంప్యూటరులోకి వస్తాయి.

కోతల రోజుల్లో ఓ ఉదయం కరెంటు పోయి వచ్చింది. కంప్యూటరు మళ్లీ లేచాక మొదటి బండి సోములుది. అతను చీటీ చూసి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

“ఏటే అమ్మీ, నా ట్రాక్టరు పదిహేడు కేజీలా? నేనే అరవై ఉంటాను. తేమేమో ఐదువేల రెండొందలా? సముద్రంలోంచి తోడుకొచ్చానేటి ధాన్యం?”

వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. యజమాని జగన్నాధం నవ్వలేదు. ఆ వారంలో ఇది మూడోసారి.

“నువ్వే ఏదో నొక్కేస్తన్నావు. ఇంకొక్క తప్పు సీటీ వస్తే ఇంటికాడ కూకో,” అన్నాడు.

తప్పు జరిగిన రోజులు శైలజ క్యాలెండరు మీద రాసి పెట్టుకుంది. కరెంటు పోయినా కొన్నిసార్లు తప్పు రాలేదు. తప్పు వచ్చినప్పుడల్లా మాత్రం అంతకుముందు కరెంటు పోయింది. ఆ కంప్యూటరులో లైనక్స్ వేసిన విజయనగరం గోవింద్‌కి ఫోన్ చేసింది.

“కంప్యూటరు లేస్తూ, తగిలించినవాటిని పలకరిస్తాదక్కా. పలికినదాని పేరున ఓ ఫైలు పెడతాది. ముందు పలికితే సున్నా, తర్వాత పలికితే ఒకటి. మన సాఫ్ట్‌వేరు సున్నా ఫైల్లో బరువు సదువుతాది. తేమ మీటరు ముందు పలికిందనుకో...”

“ఓలమ్మో! మా అత్తోరింట్లో ఇద్దరు దాలమ్మలున్నారు, ముసిలమ్మ పేరే ఇద్దరు మనవరాళ్లకీ ఎట్టారు. పిలిస్తే ముందు పలికినామె పెద్ద దాలమ్మ అయిపోద్దేటి? ఇంటిపేరెట్టి పిలుస్తాం.”

“ఆటికి ఇంటిపేర్లు నేవక్కా. సవక వైర్లు, రెండిటికీ ఒకటే నెంబరు.”

“అయితే ఏ గుమ్మంలోంచి వస్తే ఆ పేరు.”

“అదవుతాదక్కా. రాసుకో.”

అతను చెబుతుంటే ఆమె రెండు లైన్ల నియమం టైపు చేసింది. కంప్యూటరు వెనక వైర్లు గుచ్చే కన్నాల్లో, ఈ కన్నంలో ఉన్నది కాటా, ఆ కన్నంలో ఉన్నది తేమ. కాటా వైరు కన్నం పక్కన తడి కుంకుమ చుక్క, తేమ వైరు కన్నం పక్కన పసుపు చుక్క పెట్టి, పైన టేపు అంటించింది.

“బాబూ, మెయిను మీరే దించండి,” అంది జగన్నాధంతో.

ఆయన నాలుగుసార్లు దించి ఎత్తాడు. నాలుగుసార్లూ బరువు బరువు దగ్గరే, తేమ తేమ దగ్గరే వచ్చాయి.

“ఇక సాలు బాబూ,” అన్నాడు కాటా మీదున్న సోములు. “ఇంకోపాలి తూస్తే నా ట్రాక్టరు సిక్కిపోతాది.”

జగన్నాధం తన తప్పు ఒప్పుకోలేదు. పొరపాటు పడ్డాననే మాట ఆయన నోట ఆ కాటా దగ్గర ఎవరూ విని ఎరగరు.

మరుసటి దసరాకి ఆయుధపూజ చేస్తూ, ఆయన పళ్లెంతో కంప్యూటరు వెనక్కి వచ్చి ప్రతి కన్నానికీ బొట్టు పెట్టబోయాడు. శైలజ పరుగున వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది.

“అక్కడొద్దు బాబూ! అన్నిటికీ ఎట్టేస్తే ఎవులు ఎవులో తెలీదు.”

కుంకుమ వేలు గాల్లోనే ఆగింది. ఆయన అటూ ఇటూ చూసి, ఆ బొట్టు ఆమె కుర్చీ వీపుకి పెట్టాడు.