లోపలి చెయ్యి

సూగప్ప గురించి చెప్పాలంటే ముందు అతని మొండితనం గురించి చెప్పాలి. కృష్ణ ఒడ్డున మా రేవులో టీ కొట్టు పెట్టుకుని బతుకుతున్నదాన్ని, రకరకాల మనుషుల్ని చూశాను గానీ, ఇంత మొండిఘటాన్ని ఇంకొకణ్ణి చూడలేదు. మోటారు పడవ వచ్చాక పుట్టి నడిపేవాళ్లంతా తెడ్లు మూలన పడేసి, కొందరు రాయచూరు రైసు మిల్లుకూ, కొందరు మేస్త్రీ పనికీ పోయారు. సూగప్ప మాత్రం కదలలేదు. నది నడుమ దీవిలాంటి గడ్డ మీద పొలాలున్నవాళ్ల ఎరువు సంచులూ మేకలూ దాటిస్తూ ఉండిపోయాడు. మేకల్ని మోటారు పడవలో ఎక్కించుకోరు కదా.

పుట్టి అంటే వెదురు బద్దలతో అల్లిన పెద్ద గుండ్రటి గంప. అడుగున తాట్‌పాల్ గుడ్డ కుట్టి డాంబరు పూస్తారు. నాలుగైదు వానాకాలాలు మోసిందంటే దాని పని అయిపోయినట్టే. సూగప్ప పుట్టికి ఆ వయసు ఎప్పుడో దాటిపోయింది. ఏటా ఎండాకాలంలో దాన్ని బోర్లించి, మళ్లీ మళ్లీ డాంబరు పూసేవాడు.

"నీది పుట్టి కాదు సూగన్నా, డాంబరు ముద్ద. దాన్ని పడేసి కొత్తది అల్లుకోరాదా?" అని ఏడిపించేదాన్ని.

"అల్లుదాం చెల్లె. అన్న రానీ," అనేవాడు. ఎప్పుడడిగినా అదే మాట. వినీ వినీ నాకు ఒళ్లు మండేది.

పుట్టి ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒకడు లోపల కూర్చుంటాడు, ఇంకొకడు బయట చుట్టూ తిరుగుతాడు. బయటివాడు బద్దను సందులోకి తోస్తే లోపలివాడు అందుకుని గుంజి బిగిస్తాడు. సూగప్పది బయటి చెయ్యి, అతని అన్న హనుమంతది లోపలి చెయ్యి. మీసాలు రాకముందు నుంచి ఇద్దరూ అలాగే అల్లారు. హట్టి బంగారు గనిలో కొలువు దొరికి పెళ్లాంబిడ్డలతో వెళ్లిపోయినా, పుట్టి పాతబడిందని కబురందితే హనుమంత సెలవు పెట్టి వచ్చేవాడు. ఈ పుట్టి అలా వచ్చి అల్లిన ఆఖరిది. ఆ తర్వాత రాలేదు.

సూగప్పకు ఫోన్ లేదు, నా ఫోన్‌లోనే మాట్లాడేవాడు. అవతల్నించి "షిఫ్టున్నది తమ్మీ, వచ్చే నెల చూద్దాం," అని వినిపించేది. సూగప్ప ఫోన్ నా చేతిలో పెట్టి, ఏమీ జరగనట్టు తెడ్డు భుజాన వేసుకుని పోయేవాడు. పుట్టిలో తనకెదురుగా ఉన్న చోట మనిషిని గానీ మేకను గానీ కూర్చోనిచ్చేవాడు కాదు. అది అన్న చోటట. ఒకసారి తెలియక ఎక్కి కూర్చున్నందుకు నన్ను కూడా లేపాడు. దానికి వారం రోజులు అతనికి టీలో చక్కెర తగ్గించాను.

ఇక మొన్నటి సంగతి. మోటారు పడవ నడిపే భీమేశ్ చెడ్డవాడు కాదు, దూకుడెక్కువ. ఆ రోజు పడవలో గడ్డ మీది గుడికి పోయే జనం ఉన్నారు. ఫోన్లు ఎత్తి పట్టుకుని "ఇంకొక చక్కర్ కొట్టన్నా" అని వాళ్లు ఉబ్బేస్తే, ఇతగాడు రేవు దగ్గరే ఇంజిన్ జోరు పెంచి పడవను గిర్రున తిప్పాడు. అది లేపిన అల నేరుగా ఒడ్డుకు వచ్చింది. సూగప్ప మోకాళ్ల నీళ్లలో నిలబడి పుట్టిలోకి ఎరువు సంచి ఎత్తుతున్నాడు. పక్కనే బండ.

అల వస్తే పుట్టిని వదిలెయ్యాలి. వదిలేస్తే తిరుగుతుంది, తేలుతుంది, కాసేపటికి తానే ఒడ్డుకు వస్తుంది. పట్టుకుంటే అలకూ మనిషికీ నడుమ నలిగిపోతుంది. మా రేవులో ఇది పసిపిల్లలకు కూడా తెలుసు. సూగప్ప మాత్రం సంచి వదిలేసి, రెండు చేతులతో పుట్టి అంచును వాటేసుకున్నాడు. అల పుట్టిని ఎత్తి బండ మీద కొట్టింది. చెరుకుగడ విరిచినట్టు చప్పుడైంది. టీ గిన్నె దించి పరిగెత్తేసరికి అంచు ఒకవైపు పూర్తిగా విరిగి ఉంది, అతని మోచెయ్యి గీరుకుపోయి నెత్తురు కారుతోంది. అతను మోచేతిని చూసుకోవడం లేదు, విరిగిన అంచు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

భీమేశ్‌ను నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. తలవంచుకుని అన్నీ పడ్డాడు. చివర్లో మాత్రం, "తప్పు నాదే అక్కా. కానీ మామ ఎందుకు పట్టుకుండు? ఇడిసిపెడితే ఏం కాకపోవు," అన్నాడు.

అందరం సూగప్ప వైపు చూశాం.

"తెలుసురా," అన్నాడు సూగప్ప. "ఇడువబుద్ధి కాలె."

మా రేవులో ఒక రివాజు ఉంది. ఎవరి వల్ల పుట్టి విరిగితే వాళ్లే వచ్చి లోపల కూర్చోవాలి, పుట్టి మళ్లీ నీళ్లు తాకేదాకా లోపలి చెయ్యి వాళ్లదే. భీమేశ్ మర్నాడు పొద్దున్నే వెదురు తెచ్చి, చీల్చి, నానబెట్టి, చొక్కా విప్పి తయారుగా నిలబడ్డాడు. సూగప్ప రానివ్వలేదు.

"ఇది అన్న బిగిచ్చిన అల్లిక. దీంట్ల ఇంకొకరి చెయ్యి పడొద్దు. నువ్వు పోరా నాయనా."

కోపంతో అన్నది కాదు. అందుకే భీమేశ్‌కు ఏం చెయ్యాలో తోచలేదు. అంచు తెగిన పుట్టి ఎండలో ఉంటే బద్దలు ఒక్కొక్కటే వదులవుతూ మొత్తం విడిపోతుంది. సూగప్ప దాన్ని నా కొట్టు పక్కన నీడలో బోర్లించి, పొద్దున్నా సాయంత్రం తడిగోనె కప్పుతూ కూర్చున్నాడు. జ్వరమొచ్చిన బిడ్డకు కూడా అంత సేవ చెయ్యరు. రోజూ ఆ గోనె చూస్తుంటే నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేవి. ఇక ఆగలేక, అతనికి చెప్పకుండా నేనే హట్టికి ఫోన్ చేశాను.

"హన్మంతన్నా, షిఫ్టు గిఫ్టు నాకు చెప్పకు. నీ పుట్టి ఇరిగింది. నీ తమ్ముడు దాని పక్కన పీనుగు లెక్క కూసున్నడు. వస్తవా, రావా?"

"వస్తున్న," అని పెట్టేశాడు.

మర్నాడు మధ్యాహ్నం బస్సులోంచి ఒక ముసలాయన మెల్లగా దిగాడు. దగ్గరికి వచ్చేదాకా హనుమంతని గుర్తుపట్టలేదు. సూగప్ప డాంబరు తేవడానికి ఊళ్లోకి వెళ్లాడు. బెంచీ తుడిచి కూర్చోబెట్టి టీ ఇచ్చాను. ఎడమచెయ్యి చాపాడు. అంతకాలం తర్వాత వచ్చి ఇదేం మర్యాద అని నాకు చుర్రుమంది.

"ఎడమచేత్తో తీసుకుంటవేందన్నా? కుడిచెయ్యి హట్టిలనే పెట్టి వచ్చినవా?"

ఆయన భుజం మీది తువ్వాలు పక్కకు తీశాడు. కుడిచెయ్యి ఒడిలో పడి ఉంది. వేళ్లు సగం ముడుచుకుని అలాగే బిగిసిపోయాయి. ఎన్ని మాటలన్నానో ఒక్కసారిగా గుర్తొచ్చి సిగ్గుతో చచ్చాను.

"పక్షవాతం కొట్టింది అంబుజా. శానా దినాలైంది. కొలువు గూడ అప్పుడే ఇడిసిన. బిడ్డ సుమంగళ ఇంట్లనే ఉంటున్న."

"మరి షిఫ్టంటివి కదా అన్నా?"

ఆయన నా వెనక్కి చూస్తున్నాడు. డాంబరు డబ్బాతో సూగప్ప నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి ఉన్నాడో తెలియదు.

"చెప్పొద్దా అన్నా," అన్నాడు సూగప్ప.

"చెప్తే ఏం చేస్తుంటివి? అన్న చెయ్యి పోయిందని ఈడ కూసుని ఏడుస్తుంటివి. ఆ పుట్టి నీళ్ల మీద ఉన్నన్ని దినాలు నా చెయ్యి మంచిగనే ఉన్నట్టు అనుకున్న తమ్మీ. ఆ మాట అనుకుంట బతికిన."

సూగప్ప డబ్బా కింద పెట్టి వచ్చి, ముడుచుకున్న ఆ వేళ్లను తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఒక్కొక్క వేలినీ చాపి చూశాడు. వదిలితే అవి మళ్లీ ముడుచుకున్నాయి. ఇద్దరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను, దాచడం దేనికి.

కాసేపటికి సూగప్పే లేచి పుట్టిని తిరగేసి, అన్న చోటులోకి వెళ్లి కూర్చున్నాడు. అల్లడానికి లోపల కూర్చోవడం జన్మలో మొదటిసారి. "భీమేశా, రారా. నువ్వు బయటుండు," అని పిలిచాడు. భీమేశ్ పడవను కట్టేసి పరుగున వచ్చాడు. హనుమంత పక్కన రాయి మీద కూర్చుని చెబుతుంటే వీళ్లు అల్లారు. "గుంజు. ఇంకా గుంజు. అట్ల కాదు, బొటనవేలు కింద పెట్టు." సూగప్పకు లోపలి పని రాదు, బద్దలు జారిపోయేవి. అయినా హనుమంత విసుక్కోలేదు. విరిగిన మేరకే కోసి అల్లారు, అడుగున పాత అల్లిక జోలికి పోలేదు. చివరి ముడి వేసేటప్పుడు సూగప్ప తాడు కొసను అన్న నోటికి అందించాడు. ముందు పళ్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి ఆయనకు. పళ్లతో పట్టుకుని, మెడ నరాలు ఉబ్బేలా గుంజి ముడి బిగించాడు.

పొద్దు వాలుతుండగా పుట్టి నీళ్లలోకి దిగింది. హనుమంత తన చోటులో కూర్చున్నాడు. "ఆఖరి బస్సు వస్తే కేకెయ్ అంబుజా, బిడ్డ ఎదురుచూస్తుంటది," అని నాతో చెప్పి మరీ వెళ్లాడు. భీమేశ్ పడవ తాడు విప్పనే లేదు. నది నడుమకు వెళ్లాక సూగప్ప తెడ్డు లోపల పెట్టేశాడు. పుట్టి తనంతట తాను మెల్లగా తిరుగుతోంది. ఒకసారి అన్న మొహం, ఒకసారి తమ్ముడి మొహం నా వైపు వస్తున్నాయి. ఏం మాట్లాడుకుంటున్నారో వినపడలేదు. అసలు మాట్లాడుకుంటున్నారో లేదో.

ఆఖరి బస్సు వచ్చి హారన్ కొట్టింది. కండక్టర్ నా వైపు చూసి, ఎవరైనా ఉన్నారా అన్నట్టు చెయ్యి ఊపాడు. నేను లేరని తల ఊపాను.

బస్సు మలుపు తిరిగాక, పొయ్యి మీది ఎసట్లో ఇంకో గుప్పెడు బియ్యం పోసి, హట్టికి ఫోన్ చేశాను.

"సుమంగళా, నేను అంబుజత్తను. మీ నాయనకు బస్సు దొరకలె బిడ్డా."