వాసన లేని ఆకు

మా ఒగుల్‌శాత్ వదిన ఇప్పుడు నోరు విప్పిందంటే వీధి చివరి గాడిద కూడా చెవులు రిక్కిస్తుంది. అలాంటి మనిషి కాపురానికి వచ్చిన కొత్తలో పది నెలలపాటు మా నాన్న ముందు ఒక్క ముక్క మాట్లాడలేదంటే మా పిల్లలు నమ్మరు. మాలో కొత్త కోడలు తలగుడ్డ కొసని పళ్ల మధ్య పట్టుకుని తిరగాలి. దాన్ని యాష్మక్ అంటాం. ఇంటి మగ పెద్దలు "ఇక చాలు" అనేదాకా కోడలి గొంతు వాళ్ల చెవిన పడకూడదు. అమ్మతోనూ నాతోనూ మాత్రం వదిన గుసగుసగా మాట్లాడేది.

నాకు ఆవిడంటే గిట్టేది కాదు. దాచడం దేనికి? నాకప్పుడు పదహారేళ్లు. వదిన రాకముందు మా ఇంట్లో ఆకుపెరుగు కలిపేది నేనే. వచ్చిన వారానికే ఆ గరిటె నా చేతిలోంచి పోయింది. గుడ్డలో కట్టి రాత్రంతా వేలాడదీసిన పెరుగుని ఆవిడ చెక్క గరిటెతో గిలక్కొట్టేది. పాలు చుక్క చుక్క పోస్తూ దాన్ని మీగడలా జారేలా చేసేది. వెల్లుల్లిని రాళ్ల ఉప్పుతో నూరి కలిపేది. అడవి ఉల్లాకు, సోయకూర, పుదీనా సన్నగా తరిగి చిట్టచివర వేసేది. ముందే వేస్తే పెరుగు నీరొదులుతుందట. ముల్లంగి, దోస ముక్కల మీద అది పోసి పెడితే మా నాన్న గిన్నె అడుగు రొట్టెతో తుడుచుకుని తిని, "గుంచా, చూసి నేర్చుకోవే" అన్నాడు. ఆ మాటతో నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ వసంతంలో మా సాపర్ పెదనాన్న మా ఇంటికి భోజనానికి వస్తానన్నాడు. పొలానికి నీటి వంతు దగ్గర మొదలైన గొడవతో అన్నదమ్ములిద్దరూ తొమ్మిదేళ్లుగా ఎడమొహం పెడమొహంగా ఉన్నారు. ఊరి పెద్దలు కాళ్లరిగేలా తిరిగి ఇద్దర్నీ ఒప్పించారు. ఇద్దరూ ఒకే గిన్నెలో రొట్టె ముంచి తింటే పగ తీరినట్టే.

పొద్దున్నే అమ్మ నన్ను లేపింది. జలుబుతో ఆవిడ ముక్కు దిబ్బడేసి ఉంది.

"కొండ మీదికెళ్లి అడవి ఉల్లాకు కోసుకురా. తెచ్చాక వదినకి చూపించు, అది కొండపిల్ల."

"నాకు తెలీదా ఏంటి? పుట్టినప్పట్నుంచీ తింటున్నా!"

"చూపించమన్నాను."

మా కోపెత్‌దాగ్ కొండల మీద అడవి ఉల్లి పక్కనే ఇంకో ఆకు మొలుస్తుంది. పిచ్చి ఉల్లి అంటాం. చూపుకి రెండూ కవలపిల్లలే. తేడా అంతా వాసనలో ఉంది. నలిపితే ఘాటొచ్చేది కూరకి, రానిది కాటికి. వదిన ఊళ్లో ఒక పెళ్లివారు అది తిన్నారు. సాయంత్రానికి వాంతులు పట్టుకున్నాయి, మూడో రోజుకి ముగ్గురు పోయారు.

నేనేమీ కళ్లు మూసుకుని కోయలేదు. ప్రతి గుప్పెడూ నలిపి చూశాను. ప్రతిదీ ఘాటుగానే ఉంది. రెండు గుప్పెళ్లు కోశాక చేతులే ఉల్లి కంపు కొడతాయని, ఆపైన గడ్డిపరక నలిపినా ఉల్లి వాసనే వస్తుందని నాకు తట్టలేదు.

తిరిగొచ్చేసరికి వదిన పెరట్లో తందూరు పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తోంది. నా ఒడి చూసి పిండి చెయ్యి చాపింది. నేను చూడనట్టే లోపలికెళ్లి ఆకు అమ్మకిచ్చేశాను. వదిన రొట్టెల దగ్గర ఉంది కాబట్టి ఆ పూట అమ్మే తరిగింది, అమ్మే కలిపింది.

పెదనాన్న వచ్చాడు. నేల మీద పరిచిన భోజనాల గుడ్డకి అటు ఆయన, ఇటు నాన్న. పలకరింపులయ్యాక ఇద్దరూ గుడ్డ మీది పువ్వుల్ని చూస్తూ కూర్చున్నారు. అమ్మ గిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది. నేను టీ కెటిల్‌తో గుమ్మంలో నిలబడ్డాను.

పెదనాన్న రొట్టె తుంచాడు.

"ఈ ఇంటి రొట్టె తిని తొమ్మిదేళ్లయిందిరా తమ్ముడూ."

"ఇల్లు నీదే కదన్నయ్యా. ముందు నువ్వు తిను."

వెనక నుంచి ఎవరో నా చెయ్యి లాగారు. వదిన. వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చినట్టుంది, రొప్పుతోంది.

"అబ్బా, వదులు!" అని విదిలించుకున్నాను.

పెదనాన్న రొట్టెముక్క గిన్నె అంచు దాటింది. వదిన నన్ను తోసుకుని గదిలోకి దూసుకుపోయింది. గుడ్డ మీద, రొట్టెల మీద కాలేసి గిన్నెని ఒక్క తన్ను తన్నింది. పెరుగంతా పెదనాన్న మోకాళ్ల మీద పడింది.

మాలో రొట్టె నేల మీద పడితేనే తీసి కళ్లకద్దుకుంటాం. తొక్కిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

"బాగుందిరా తమ్ముడూ!" పెదనాన్న లేచాడు. "రొట్టె తొక్కించడానికా నన్ను పిలిచావు?"

"అయ్యో అన్నయ్యా, ఆగు! ఏయ్, కళ్లు నెత్తికెక్కాయా నీకు?"

"ఏమే, నీకేం పోయేకాలమొచ్చింది?" అమ్మ నెత్తి కొట్టుకుంది.

వదిన తల దించుకునే ఉంది. తలగుడ్డ కొస పళ్ల మధ్యే ఉంది. వంగి, నలిగిన రొట్టెలన్నీ ఏరి ఒక్కొక్కటీ ముద్దుపెట్టుకుని నుదుటికి తాకించింది. నాన్న గది మూల కూర్చున్న మా అన్నయ్య వైపు తిరిగి, "దీన్ని ఇప్పుడే పుట్టింట్లో దింపిరా. మళ్లీ తేవాలో వద్దో తర్వాత చూద్దాం" అన్నాడు.

గుమ్మం దాటుతూ వదిన నా దగ్గర ఆగింది. కత్తిపీట దగ్గర మిగిలిన ఆకొకటి ఆవిడ పిడికిట్లో ఉంది. పిండి వేళ్లతో నలిపి నా ముక్కు కింద పెట్టింది. ఉత్త పచ్చగడ్డి వాసన. ఆకు నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

చెబితే ఏమవుతుంది? తొమ్మిదేళ్ల పగ ఉన్న ఇంట్లో గిన్నెలో విషం దొరికితే పొరపాటని ఏ పెదనాన్న నమ్ముతాడు? కోసింది నేనని తెలిస్తే ఊళ్లో నా మొహం ఎవరు చూస్తారు? యాష్మక్ ఉన్నది వదిన నోటికి. మూగదాన్నయింది నేను. ఇప్పటికీ ఆ నిలబడ్డ తీరు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

పెదనాన్న మెట్ల మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు. వదిన మూట తెచ్చుకుని మోటారుసైకిలు పక్కబండిలో కూర్చుంది. అన్నయ్య ఒకసారి కిక్కు కొట్టాడు, ఇంజను పట్టలేదు. రెండోసారీ పట్టలేదు. వదిన నా వైపు చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు. మూడోసారి ఇంజను పట్టింది.

నేను పరుగెత్తాను. పెదనాన్న ముందు ఆకు పెట్టాను.

"వాసన చూడండి పెదనాన్నా! నేనే కోశాను. వదినకి చూపించమని అమ్మ చెప్పింది, నేనే చూపించలేదు. పొగరెక్కి చూపించలేదు!"

ఆయన కుర్రతనమంతా గొర్రెల వెంట తిరిగినవాడు. ఆకు నలిపి చూశాడు. చెయ్యి కోటుకి తుడుచుకుని మళ్లీ చూశాడు. మోకాలి మీద ఎండుతున్న పెరుగు వైపు చూసుకున్నాడు. మొహం పాలిపోయింది.

నాన్న నా మీద చెయ్యెత్తాడు. పెదనాన్న ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగరా. తొమ్మిదేళ్లలో మనిద్దరం ఒక్కసారైనా ఇలా తప్పొప్పుకున్నామా? ముందా బండి ఆపండి."

వదిన దిగొచ్చింది.

"ఒక్క కేక వేస్తే సరిపోయేది కదమ్మా! ఆచారం కోసం ప్రాణాలు తీసుకుంటామా?" అన్నాడు పెదనాన్న.

వదిన మా నాన్న వైపు చూసింది.

"మాట్లాడమ్మా," అన్నాడు నాన్న.

వదిన నోట్లోంచి గుడ్డ తీసింది. కొస తడిసి, పళ్ల గాట్లు పడి ఉంది.

"ఆచారం కోసం కాదు పెద్దమామయ్యా. కేక వేస్తే ఆకెవరు తెచ్చారని అడుగుతారు. గిన్నె తన్నితే నన్ను తిట్టి ఊరుకుంటారనుకున్నా."

నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను.

పెదనాన్న బూట్లు విప్పాడు. వదిన ఉత్త సోయకూర, పుదీనా వేసి ఇంకో గిన్నె కలిపింది. ఆయనే ముందు రొట్టె ముంచాడు.

నాకిప్పుడు అరవై దగ్గర పడుతున్నాయి. ప్రతి వసంతంలో పుట్టింటికి వెళ్లి, కొండెక్కి ఆకు కోస్తాను. నేను గడపలో అడుగుపెట్టగానే వదిన అరుస్తుంది, అల్లుళ్లూ మనవలూ అందరూ చూస్తుండగా: "ముందు బూడిదతో చేతులు తోముకురా, కొండ తెలిసినదానా!" ఆవిడ నోటికి ఊళ్లో అందరూ ఎదురు చెబుతారు. నేను చెప్పను. చేతులు తోముకుని వచ్చి, ఒక్కో ఆకూ నలిపి ఆవిడ ముక్కు దగ్గర పెడతాను.