పెద్దాయన కుర్చీలో భోజనం

నిన్న మధ్యాహ్నం నేను పోయాను. నవ్వకండి, నిజంగానే! లత అనే చీనా పేటలో, ఒక షావుకారింట్లో, అగరొత్తి కాలినంతసేపు చచ్చిపోయి ఉన్నాను. ఇప్పుడు మీతో టీ తాగుతున్నానంటే మా ఆవిడ అదృష్టం. ఆవిడ అలా అనుకోవట్లేదు, అది వేరే సంగతి.

మిల్లు మూసేసి ఐదు నెలలైంది కదా. సమ్మె చేసినవాళ్లనీ, చెయ్యనివాళ్లనీ కలిపి ఇంటికి పంపేశారు. నేను ఏ జట్టో తేల్చుకునేలోపే నా ఉద్యోగం పోయింది. మా మావయ్య, అంటే మా ఆవిడ తండ్రి, లతలో ఊ చాన్ అనే చీనా షావుకారు ఇనప కొట్లో పాతికేళ్లుగా పనిచేస్తున్నాడు. ఆయన కాళ్లావేళ్లా పడితే షావుకారు "రేపు మధ్యాహ్నం తీసుకురా, చూస్తాను" అన్నాడట. ఆ రేపంటే నిన్నే, వాళ్ల కొత్త సంవత్సరానికి ముందురోజు. ఇది కూడా తప్పిపోతే ఇంక అడగడానికి నాకు చోటు లేదు.

బర్మాలో ఉండి చీనా చూడాలంటే జనం విమానం ఎక్కుతారు. మనకి పాస్‌పోర్టు ఎవడిస్తాడు? నేను మన తాకేటా పేటలో సిటీ బస్సెక్కాను. వంతెన దగ్గర సిపాయిలు అందర్నీ దింపి సంచులు వెతికారు, ఈలోగా బస్సు వెళ్లిపోయింది. మిగతా చీనా యాత్ర నడిచే చేశాను. లత వీధుల్లో ఎర్ర లాంతర్లు కట్టారు గాని, నలుగురికి మించి ఒకచోట చేరకూడదని ఆర్డరు కదా, కింద నిలబడి చూసేవాళ్లు లేరు. నేను ఒక్కణ్ణే కాసేపు చూసి, సిపాయి నన్ను చూడటం మొదలెట్టగానే కదిలాను.

కొట్టు దగ్గర మావయ్య నా చొక్కా కాలరు సర్ది ఒకటే పాఠం చెప్పాడు.

"అల్లుడా, ఆల్లు పెట్టింది వద్దనకు. వద్దంటే ఆల్లకి సిన్నతనం. కూకోమంటే కూకో, తినమంటే తినీ. నాను గోడౌనుకి తాళమేసొస్తాను, నువ్వు మేడమీదికెల్లు."

వెళ్లాను. తలుపులు బార్లా తీసి ఉన్నాయి, హాల్లో మనిషి లేడు. మధ్యలో బల్ల. బల్లమీద తలతో సహా ఉడికించిన కోడి, నిండు చేప, నిగనిగలాడే ఇంకేదో మాంసం. ఎనిమిది గిన్నెల్లో పొగలు కక్కుతున్న అన్నం, ఎనిమిది చిన్న కప్పుల్లో సారా, ఎనిమిది కుర్చీలు. నలుగురికి మించి కూడదంటే ఎనిమిది కుర్చీలా, వీళ్లకెంత గుండె ధైర్యం అనుకున్నాను. ఆ ఆర్డరు బతికున్నవాళ్లకే వర్తిస్తుందని నాకు అప్పటికి తెలియదు.

ఇంతలో లోపల్నుంచి ఒక ముసలావిడ వచ్చింది. చేతిలో వెలిగించిన అగరొత్తులు. నా వైపు తిరిగి మూడుసార్లు వంగి, బర్మా భాషలో ఎంతో మెత్తగా అంది.

"రండి. ఎంతో దూరం నడిచొచ్చారు. కూర్చోండి, కడుపునిండా తినండి."

నడిచొచ్చానని ఈవిడకెలా తెలిసింది? నా చెప్పుల దుమ్ము చూసి ఉంటుందనుకున్నాను. ఉద్యోగం అడగడానికి వచ్చినవాడికి ఇంత మర్యాదా! కళ్లు చెమ్మగిల్లాయి. చేతుల కుర్చీ చూపిస్తే దాంట్లోనే కూర్చున్నాను. ఆవిడ అగరొత్తులు గుచ్చి, పక్కన ముక్కాలి పీట మీద కూర్చుంది.

వాళ్లు అన్నం తినే పుల్లలతో రెండుసార్లు ప్రయత్నించాను. అన్నం నా ఒళ్లోకే వస్తోంది. సరే, దేవుడిచ్చిన చెయ్యి ఉందిగా! చేప పొట్టభాగం తిన్నాను. నిగనిగలాడేదీ తిన్నాను, అదేం మాంసమో అడగలేదు. సారా కప్పు ఖాళీ చేసి కోడికాలు నోట్లో పెట్టానో లేదో, ఆవిడ గట్టిగా కేక వేసింది.

"చాన్! ఒరే చాన్! మీ నాన్న వచ్చాడురా! నములుతున్న చప్పుడు వినబడుతోంది!"

ఊ చాన్ పరుగెత్తుకొచ్చాడు, వెనకాలే మావయ్య. ఇద్దరూ గుమ్మంలో ఆగిపోయారు. మావయ్య నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. అప్పుడు చూశాను ఎదురుగోడ మీద ఫొటో. అదే కుర్చీ, అదే మెత్త, దాంట్లో ఒక పెద్దాయన. ఫొటోకి దండ. కొత్త సంవత్సరానికి ముందు, పోయిన పెద్దలకి పెట్టిన భోజనం నేను తింటున్నానన్నమాట. ముసలావిడ కళ్లు తెల్లగా శుక్లాలు కట్టి ఉన్నాయి.

లేవబోయాను. ఊ చాన్ నోటిమీద వేలు పెట్టుకుని, కదలొద్దని సైగ చేశాడు. కోడికాలు కక్కలేక మింగలేక అలాగే ఉండిపోయాను. ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంటే ఇదేనేమో!

ఆవిడ పీట దగ్గరికి జరుపుకుని మొగుడికి ఇంటి కబుర్లు చెప్పడం మొదలెట్టింది. ఊరేగింపుల రోజుల్లో కొట్టు షట్టర్ ఎత్తలేదట. చిన్న కోడలు ఉప్పు ఎక్కువేస్తుందట. అది నిజమే, చేపలో తెలుస్తోంది. తర్వాత గొంతు తగ్గించింది.

"మనవరాలు ఊరేగింపుల్లో తిరిగి, సిపాయిలకి దొరక్కుండా డాక్టరీ చదువు వదిలేసి వానల్లో సరిహద్దు అడవులకి పోయింది. ఉత్తరం ముక్క లేదు. అది గాని... అక్కడికి, మీ దగ్గరికి వచ్చేసిందా?"

ఊ చాన్ గోడవైపు తిరిగిపోయాడు. ఆవిడ చెవి ఇటు పెట్టి ఎదురుచూస్తోంది. చచ్చినవాడు మాట్లాడకూడదని నాకూ తెలుసు. ఉద్యోగం గుర్తొచ్చింది, ఇంట్లో ఖాళీ బియ్యం డబ్బా గుర్తొచ్చింది. అయినా ఆ ముఖం చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు.

"రాలేదు. ఇక్కడ లేదు," అన్నాను బర్మాలో.

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"చాన్, ఎవర్రా ఈయన? మీ నాన్న నలభై ఏళ్లు కాపురం చేశాడు. నేనడిగినదానికి ఒక్కనాడు తిన్నగా జవాబు చెప్పలేదు."

మావయ్య చేతులు జోడించాడు. "మా అల్లుడమ్మా, ఎర్రయ్య. తెలీక..."

"ఎవరైతేనేం," అంది ఆవిడ. "ఆ మాట ఇంకొక్కసారి చెప్పమను."

చెప్పాను. ఆవిడ నా జిడ్డు చెయ్యి పట్టుకుని అగరొత్తి ఆరిపోయేదాకా వదల్లేదు. ఊ చాన్ కళ్లు తుడుచుకుని, పండగ వెళ్లాక పనిలోకి రమ్మన్నాడు.

పరుగున ఇంటికొచ్చి మా ఆవిడకి అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఉద్యోగం మాట చివర్న చెప్దామని దాచాను, కాస్త మెచ్చుకుంటుందని. ఆవిడ అంతదాకా ఆగితేనా? చీపురు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"ఇంటికాడ పదిసార్లడిగినా నోరు పెగలదు. పరాయోలింట్లో సచ్చాక మాటొచ్చిందేటి?"

ఉద్యోగం మాట ఇంకా నా దగ్గరే ఉంది, ఈ టీ తాగి వెళ్లి చెప్తాను.