కొత్త పౌడర్ డబ్బా

భాయ్ చనిపోయిన తొమ్మిదో రోజున, అతని పెట్టె సర్దడానికి ఫరీజ్ బిన్ మహమూద్‌లోని గదికి వెళ్ళాను. అతన్ని దోహాలోనే ఖననం చేశారు. జనాజా నమాజు జరుగుతున్నంతసేపూ నేను వెనక గోడ పక్కన నిలబడి, నాకు చిన్నప్పటి నుంచి వచ్చిన ప్రార్థన చెప్పుకున్నాను. అతను నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. వాళ్ళది జగిత్యాల వైపు, మాది గోదావరి జిల్లా. ఖతర్ వచ్చిన కొత్తలో ఇద్దరం ఒకే ఇంట్లో పనిచేశాం.

ఆ ఇంటి యజమాని, మాకు వీసా ఇచ్చిన కఫీల్‌కు పిస్టల్ షూటింగ్ అంటే ప్రాణం. లైసెన్సు ఉంది, పోటీలకు వెళ్ళేవారు. కాల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలను పారేయకుండా ఇంటికి తెచ్చి, కడిగించి, మళ్ళీ తూటా మందు, అంటే పౌడర్, నింపించేవారు. గ్యారేజీ పక్క గదిలో ఒక బల్ల, చేత్తో నొక్కే ప్రెస్సు, ఒక చిన్న త్రాసు ఉండేవి. భాయ్ ఇంటి డ్రైవరు. బల్ల పని కూడా అతనిదే. దగ్గరి చూపు మందగించాక ఆ పనికి నన్ను అడిగి తెచ్చుకున్నాడు.

మొదటి రోజే చెప్పాడు. "తమ్మీ, బల్ల మీద ఒక్కటే డబ్బా ఉండాలె. ఈ డబ్బల పౌడర్ ఆ డబ్బల పొయ్యొద్దు. మూత తీసిన్నాడు టేపు అంటించి తేదీ రాయాలె. ఇది మీ అమ్మ వంటిల్లు గాదు."

నేను నవ్వాను. మా వంటింట్లో బిస్కెట్ డబ్బాలో చింతపండు, పాలపొడి డబ్బాలో కందిపప్పు ఉండేవి. పంచదార అడుగుకు వస్తే కొత్త పొట్లం దాని మీదే పోసేవారు. అతని ఇంట్లోనూ అంతేనట. "మా అమ్మీ అయితే పేరు సూసి ఏ డబ్బా తియ్యకపోయేది, ఊపి సూస్తుండె," అన్నాడు.

నేను తూచేవాణ్ణి, అతను ప్రెస్సు నొక్కేవాడు. ప్రతి తూకం నోటుబుక్కులో రాసేవాణ్ణి. విరామంలో నేను పుస్తకం తీస్తే, "ఏం సారూ, గా అద్దాలు పౌడర్ సూసెతందుకా, కథలు సదివెతందుకా?" అనేవాడు. చేతి పని మీద నాకు మొదటిసారి గర్వం కలిగింది ఆ బల్ల దగ్గరే.

ఒక వారం పాత రకం పౌడర్ దొరకలేదు. కఫీల్ స్నేహితుడొకాయన కొత్త రకం డబ్బా ఒకటి భాయ్ చేతికి ఇచ్చి పంపారు. అది మాలో ఎవరికీ తెలియని పౌడర్. చూడటానికి పాతదానిలాగే బూడిదరంగు రవ్వలా ఉంటుందని, కానీ ఇంకా వేగంగా మండుతుందని కఫీల్ చెప్పారు. పాత కొలత దానికి పనికిరాదు. "నేను పుస్తకం చూసి కొలత చెప్తాను. అప్పటిదాకా సీలు తీయొద్దు," అన్నారు. ఇద్దరం తలూపాం.

మర్నాడు పాత డబ్బాలో ఉన్నదానితో ఒక పెట్టె తూటాలు నింపాం. డబ్బా అనుకున్నదాని కంటే బరువుగా అనిపించింది. ఇంకా చాలానే ఉందే అనుకుని సంతోషించాను. ఆ మాట పైకి కూడా అన్నాను. భాయ్ ప్రెస్సు మీదికి వంగి ఉన్నాడు.

ఆ తర్వాతి ఉదయం షూటింగ్ రేంజిలో ఆ తూటాల్లో మూడోది పేలగానే పిస్టల్ పక్క చీలింది. కఫీల్ అరచేయి తెగింది. రెండు వేళ్ళు మళ్ళీ సరిగా ముడుచుకోలేదు. ఆయన్ని స్నేహితులు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మేం ఇంటికి వచ్చాం. నేను బయటి అరుగు మీద కూలబడితే భాయ్ గదిలోకి వెళ్ళాడు. మిగిలిన తూటాలు విప్పి, ఉన్న పౌడరంతా పెరటి ఇసుకలో పోసి కాల్చేశాడు. "ఇగ ఈ ఇంట్ల ఇది వద్దు," అన్నాడు. నేను కృతజ్ఞతలు చెప్పాను.

సాయంత్రం కఫీల్ కట్టుతో వచ్చి నిలబడ్డారు.

"ఎవరు తూచారు?"

"నేనే బాబా."

ఆయన భాయ్ వైపు తిరిగారు. "కొత్తది తెరిచారా?"

"లే బాబా. ఇయ్యాల్టిదాంక సీలు గూడ తియ్యలే. ఇయ్యాల అదీ కాల్చేసిన."

కఫీల్ నా చేతుల వైపు చాలాసేపు చూశారు. కోప్పడలేదు. "ఖలాస్," అన్నారు అంతే. వేరే చోట పనికి చేరేందుకు నాకు విడుదల కాగితం ఇచ్చారు. దాని మీద మర్నాటి తేదీ ఉంది.

ఇండస్ట్రియల్ ఏరియాలో కార్లకు రంగు వేసే గ్యారేజీలో చేరాను. అక్కడ రంగులు గ్రాముల్లో తూచి కలిపే పని ఇస్తామంటే వద్దన్నాను. తెలియకుండా ఒక గొట్టంలో రెండుసార్లు పోశానేమోనని నా అనుమానం. అనుమానం కాదు, నమ్మకం. ఉప్పుకాగితంతో తలుపులు రుద్దే పని అడిగి తీసుకున్నాను. ఎనిమిదేళ్ళు అదే చేశాను. గదికి తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి చూసేవాణ్ణి. నోటుబుక్కు నా దగ్గరే ఉన్నా తెరవలేదు.

ఆ తర్వాత భాయ్ కూడా ఆ ఇల్లు వదిలి టాక్సీ నడిపాడు. ప్రతి శుక్రవారం నన్ను తన గదికి పిలిచి అన్నం పెట్టేవాడు. ఆ సంగతి నేనే ఎత్తేవాణ్ణి. అతను నా పళ్ళెంలో ఇంకో ముక్క వేసి అనేవాడు: "చెయ్యి గద తమ్మీ, ఇనుము గాదు. తప్పుతది. మర్శిపో." ఆ మాట కోసమే నేను వారమంతా ఎదురుచూసేవాణ్ణి.

పెట్టె అడుగున బట్టల కింద ఒక రేకు డబ్బా దొరికింది. లోపల గుండీలు, దారపు రీళ్ళు, సూదులు. పక్కన అతని మేనల్లుడు చొక్కాలు మడతపెడుతున్నాడు. ఇద్దరూ ఒకే టాక్సీని వంతులవారీగా నడిపేవారు.

"గది మామ ఎవల్ని ముట్టనియ్యకపోయేది. గుండీ కుట్టాల్నంటే తనే తీసిచ్చెటోడు," అన్నాడు.

డబ్బా మీద కొత్త పౌడర్ పేరు ఉంది. మూత చుట్టూ సీలు చింపిన అంచు. పక్కన పసుపుబారిన టేపు, దాని మీద భాయ్ చేతిరాతలో తేదీ. మేం ఆ తూటాలు నింపిన రోజు తేదీ అది.

ఏమీ అర్థం కానట్టే ఆ తేదీ మళ్ళీ చదివాను. అర్థమయ్యే ఉంది. పాత డబ్బా అడుగుకు వస్తే, తనే వద్దన్న వంటింటి అలవాటుతో కొత్తది దాని మీద పోశాడు. మంచి డబ్బా ఖాళీ అయింది కదా అని దాచుకున్నాడు. తన నియమం ప్రకారం టేపు మీద తేదీ కూడా రాశాడు. అప్పటికి అందులో మోసం లేదు. మోసం సాయంత్రం మొదలైంది, కఫీల్ అడిగినప్పుడు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం జరిగింది. తన తప్పుకు నన్ను ఓదార్చాడు.

మేనల్లుడి ఫోను మోగింది. భాయ్ భార్య.

"దుబాయ్ల మీ మామ దోస్తు ఉన్నడా ఆడ? ఇయ్యి ఓసారి." ఆమెకు గల్ఫంతా దుబాయే. మేనల్లుడు స్పీకరు పెట్టాడు. "తమ్ముడూ, పోయే ముందు నా ముచ్చట ఏమన్న చెప్పిండా? నీకు చెప్పకుంట ఏదీ దాచకపోయేది గద."

"మీ గురించే అడిగాడక్కా," అన్నాను. అది నిజమే. చివరి వారం ఆమె మోకాళ్ళ గురించే మాట్లాడాడు.

ఫోను పెట్టేశాక గుండీలు, దారాలు ఒక కవర్లో పోసి పెట్టెలో సర్దాను.

"డబ్బా పెట్టొద్దా అన్నా?"

"దీన్ని నాకివ్వు."

"తీస్కో. ఖాళీ డబ్బేనాయె."

నేనుండే కార్మికుల క్యాంప్‌కు వచ్చి నోటుబుక్కు తెరిచాను. ఆ రోజు పేజీలో యాభై తూకాలున్నాయి. అన్నీ పాత కొలతకు సరిగ్గా ఉన్నాయి. ప్రతి అంకె పక్కనా చిన్న టిక్కు, రెండోసారి చూశానన్న గుర్తు.

ఆ శుక్రవారం సమాధి దగ్గరికి వెళ్ళలేదు. దుఃఖం పోలేదు, కానీ దానితో ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. శనివారం ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళి రంగు కలిపే పని అడిగాను. ఆయన వింతగా చూసి త్రాసు చూపించాడు. తెల్ల రంగులో మూడు గ్రాముల నలుపు కలపాలి. సరిగ్గా మూడు దగ్గర ఆపాను.

ఎనిమిదేళ్ళుగా ఇలాంటి సంగతి ఏదైనా ఉంటే శుక్రవారం దాకా దాచుకుని అతనికే చెప్పేవాణ్ణి. ఆ రోజు కూడా ఫోనులో ముందు అతని నంబరే వెతికాను.