నేల మీద నిలబడి కోసే చెర్రీ

దుర్దానె వదిన నిచ్చెన మీంచి పడిన ఏడాది నుంచి మా ఉలుబోర్లు ఊరి జనం ఆమెకు చెర్రీలు గిన్నెల్లో తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. మంచి మనసుతోనే లెండి. ఆమె మాత్రం వాళ్ల ముందు దీవించి, తలుపు వేయగానే ఆ గిన్నెను పిల్లి తెచ్చి పడేసిన ఎలుకను చూసినట్టు చూసేది. ఒకప్పుడు మా ఊళ్లో ఆమెంత వేగంగా కోసే మనిషే లేదు. తుంటి ఎముక అతుక్కుంది గానీ, నిచ్చెన మాట ఇక మరిచిపొమ్మన్నాడు డాక్టరు. మా చెట్లేమో ఇంటి కప్పుల్ని దాటిపోతాయి. మా అన్న కెనాన్ తోటను కౌలుకిచ్చేశాడు.

"నేల మీద నిలబడి కోసుకునే చెట్టు కావాలి నాకు," అంది వదిన ఒకరోజు టీ తాగుతూ.

"అది చెర్రీ చెట్టా, మిరప మొక్కా?" అన్నాడు అన్న.

"నీకెందుకయ్యా? కాసినప్పుడు నోరు మూసుకుని తిను."

ఇక పెళ్లికెళ్లినా పరామర్శకెళ్లినా ఆమె చూపు పక్కవాళ్ల పెరటి గోడ మీదే. ఆమె చూసేది పండును కాదు, కొమ్మను. ఆకుకీ ఆకుకీ మధ్య ఎడం తక్కువుంటే చెట్టు పొట్టిగా, గుబురుగా పెరుగుతుందట. చివరికి కొండ మీది ఊళ్లో ఒక ముసలమ్మ పెరట్లో అలాంటిది దొరికింది. అది ఆ ముసలమ్మ కన్నా కాస్తే పొడుగు. పండు మాత్రం తేనె. చలికాలంలో పుల్లలు కోసి తెచ్చి, తడిగుడ్డలో చుట్టి, ఫ్రిజ్‌లో చీజ్ పక్కన దాచింది.

చలి తగ్గగానే పెరట్లో ఉన్న మహ్లెప్ మొక్కకు, అంటే పండగ బన్నుల్లో వాసనకి గింజ వేసుకుంటామే, ఆ అడవి చెర్రీకి, అంటు కట్టింది. మొక్కను మోకాలి ఎత్తున అడ్డంగా కోసి, చీల్చి, పదునుగా చెక్కిన పుల్లను అందులో దించి, బిగించి కట్టి మైనం పూసింది.

"బెరడూ బెరడూ ఆనాలే మెలాహత్. లేకపోతే సంబంధం పెళ్లిచూపులతోనే సరి," అంది నాతో.

అంటు పట్టింది. చెట్టు చెప్పిన మాట విని పొట్టిగానే పెరిగింది. కొన్నేళ్లకు విరగబూసింది. కాయ మాత్రం ఒక్కటీ నిలవలేదు. మరుసటి ఏడూ అంతే. అన్నకేమో ఆ చోట ట్రాక్టరుకి షెడ్డు వేయాలని ఎప్పట్నుంచో కోరిక.

కాయని చెట్టును మేం చలికాలంలో బెదిరిస్తాం. ఒకరు గొడ్డలి ఎత్తుతారు, ఇంకొకరు అడ్డుపడి హామీ ఉంటారు. నవ్వులాటే అనుకోండి. కానీ ఆ ఏడు బెదిరించే ముందు అన్న గొడ్డలికి సాన పట్టించాడని నేను కళ్లారా చూశాను.

"నరికేస్తున్నా దీన్ని!"

"ఆగన్నయ్యా! వచ్చే జూన్‌కి కాస్తుంది. నేను హామీ."

"కాయకపోతే?"

ఆచారంలో ఈ ప్రశ్నే లేదు. "కాయకపోతే నరుక్కో," అని నోరు జారాను.

వదిన నాకేసి చూసింది. "నా చెట్టుకి భలే దిక్కు దొరికిందమ్మా. ఆడపడుచు బుద్ధి ఎక్కడికి పోతుంది!"

ఆ వసంతమంతా నాకు నిద్ర లేదు. రోజూ వెళ్లి చెట్టు ముందు కూర్చునేదాన్ని. ఒక పొద్దున మొగ్గలు విచ్చాయి.

"ఊళ్లో చెట్లు ఎప్పుడు పూశాయే?" అంది వదిన.

"పూయడమేంటి, పూలు రాలిపోయాయి కూడా."

ఆమె నుదురు కొట్టుకుంది. "కొండ మీది పిల్ల కదే ఇది! ఊళ్లో పెళ్లిళ్లన్నీ అయిపోయాక తీరిగ్గా ముస్తాబవుతోంది. ఇక జోడెక్కడ దొరుకుతుంది?"

వేరే రకం పుప్పొడి లేందే చెర్రీ కాయదని మా ఊళ్లో అందరికీ తెలుసు. అయితే ఊరి చెట్లన్నీ ఒక్కసారే పూస్తాయి కాబట్టి పూసే వేళ చూసుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, వదినకు కూడా.

అప్పటికప్పుడు అన్నను లేపి ట్రాక్టరు తీయించింది. కొండ మీది ముసలమ్మ తన పెరట్లో అప్పుడే పూస్తున్న వేరే రకం చెట్టు నుంచి పూల కొమ్మలు కోసిచ్చింది. బకెట్లో నీళ్లు పోసి వాటిని నిలబెట్టాం. దారంతా కుదుపులకు ఒలక్కుండా అన్నే అప్పుడప్పుడు ఆగి సర్దాడు.

"గొడ్డలి పట్టినవాడి చేతే పెళ్లికొడుకును మోయిస్తున్నారు," అని గొణిగాడు.

బకెట్‌ను చెట్టు కొమ్మల మధ్య వేలాడదీశాం. మిగతాది తేనెటీగలు చూసుకున్నాయి.

జూన్‌లో చెట్టు ఎర్రబడింది. వదిన ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. తొడిమెలతో సహా, ఆకు రాలకుండా, రెండు చేతులతో కోసుకుంటూ పోయింది. ఆ వేగం చూసి నాకు ఏడుపొచ్చింది. ఉన్నది పొట్టి చెట్టాయె, మేం టీ తాగేలోగా అయిపోయింది. ఖాళీ కొమ్మల ముందు నిలబడి, "ఇంతేనా?" అంది చిన్నపిల్లలా.

అన్న గ్లాసు కింద పెట్టాడు. ట్రాక్టరును వీధిలోకి తోలి, పార తెచ్చి, ట్రాక్టరు నిలిపే చోట గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు.

"ఎండాకాలంలో మొక్క నాటుతారటయ్యా ఎవరైనా?" అంది వదిన నవ్వుతూ.

అన్న తవ్వుతూనే ఉన్నాడు.