ఊరికే నడిచినందుకు

రేడియో పెద్దవాళ్ళ గదిలోనూ, కోపం నా ముక్కు మీదా ఉండే కాలమది. అరవైల చివర్లో సంగతి. విజయనగరంలో మా నాన్నగారు సంస్కృతం పంతులు, మా తాతగారు వీణ నేర్పేవారు. ఆ ఇంట్లో పుట్టి నాకు శ్లోకమూ అబ్బలేదు, స్వరమూ అబ్బలేదు. నడక ఒక్కటి మాత్రం అబ్బింది. ఎవరి మీదైనా కోపం వస్తే కాసేపు నడిస్తేగాని నాకు దిగేది కాదు. వయసొచ్చిన ఆడపిల్ల వీధిలో నడవకూడదు కనక పెరట్లో నూతి చుట్టూ నడిచేదాన్ని. (మా అన్నయ్య నాకు గానుగెద్దు అని పేరు పెట్టాడు. ఆ కోపానికి మరికాసేపు తిరిగేదాన్ని.) అలాంటిది, టీచరు ట్రైనింగు పూర్తయ్యాక కళింగపట్నానికి కాస్త ఇవతల, సముద్రం చప్పుడు వినిపించేంత దూరంలో ఉన్న ఒక పల్లెలో ఉద్యోగం వచ్చేసరికి, నాకు జీతం మీద కన్నా ముందు ఆ ఇసక మీదే ఆశ పుట్టింది. అడ్డూ ఆపూ లేకుండా ఎంత దూరమైనా నడవొచ్చు, చుట్టూ తిరగడానికి నుయ్యి అక్కర్లేదు అనుకున్నాను.

చేరిన మొదటి సాయంత్రమే బయల్దేరాను. వీధి మలుపు తిరగకుండానే అరుగు మీద కూచున్న ఒకాయన అడిగాడు. "ఎక్కడికెల్తన్నారు పంతులమ్మా?"

"ఊరికే" అన్నాను.

"ఏ ఊరికమ్మా? అటేపు ఊరు నేదు, సముద్రమే ఉన్నాది."

నేను నవ్వి ముందుకి వెళ్ళాను. ఆ రోజుకి నవ్వే వచ్చింది. మర్నాడు అదే ప్రశ్న ఆయనా అడిగాడు, ఆయన భార్యా అడిగింది, చుట్ట కాలుస్తున్న వాళ్ళ మావా అడిగాడు. ఆ వారం తిరిగేసరికి సముద్రం చేరేలోపు ఎంతమందికి జవాబు చెప్పాలో తలుచుకుంటేనే నాకు తల తిరిగేది. గాలికి వెళ్తున్నానంటే, మీ గదిలో గాలాడదా అనేవారు. సముద్రం చూడ్డానికంటే, నిన్న సూసినారు కదా అనేవారు. కోపం పోగొట్టుకోవడానికి నడిచేదాన్ని, నడవబోతే కోపం వస్తోంది. ఇక దాన్ని ఎక్కడికి తీసుకెళ్ళి దించుకోను?

నేను సరైన కారణం చెప్పలేదు కనక ఊరే నాకో కారణం వెతికిపెట్టింది. ముందు నాకు కడుపులో వాయువు అన్నారు. ఎవరో వాము వేయించి పొట్లం కట్టి పంపించారు. తర్వాత, నాకు ఎవరితోనో పెళ్ళి తప్పిపోయిందనీ, అతను ఓడ మీద వస్తాడని చూస్తున్నాననీ అన్నారు. (ఆ రేవుకి ఓడలు రావడం మానేసి చాలాకాలమైందని వాళ్ళకీ తెలుసు.) చివరికి, నేను ఇసకలో చెవి దుద్దు పారేసుకుని, ఇంట్లో తిడతారని రోజూ వెతుక్కుంటున్నానన్న మాట నిలిచింది. ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి నలుగురైదుగురు ఆడవాళ్ళు చీరలు ఎగ్గట్టి, ఇసకని వేళ్ళతో జల్లెడ పడుతున్నారు. "నువ్వటు నిలబడమ్మా, తొక్కకు. మేం సూత్తన్నాం కదా" అన్నారు. నా రెండు చెవులకీ రెండు దుద్దులూ వేలాడుతూనే ఉన్నాయి. చూపించాను. "ఇవి కొత్తవి కామాల" అనుకున్నారు వాళ్ళలో వాళ్ళు, జాలిగా. అంత మంచి మనుషుల మీద అంత కోపం రావడం ఎంత నరకమో అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది.

నేను అద్దెకున్న గది ఒక ముసలావిడది. ఊరంతా ఆమెని మామ్మ అనేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఈ గోల చూసి మామ్మ నాకు తోడు రావడం మొదలుపెట్టింది. సరుగుడు తోటలో రాలిన ఎండాకు పొయ్యిలోకి ఏరుకుంటూ, బుట్ట చంకనెట్టుకుని, అడుగుకో మాట చొప్పున కదిలేది. నేను విసవిసా ముందుకెళ్ళి, ఆగి, వెనక్కొచ్చి, మళ్ళీ ముందుకెళ్ళేదాన్ని. ఎదురైన వాళ్ళు మామ్మనే అడిగేవారు. "పంతులమ్మ ఎక్కడికెల్తంది?" మామ్మ నాకేసి బాధగా చూసి, "ఏటో మరి. ఆ పిల్లగుంటకే తెల్దు" అనేది.

ఇంతలో మా హెడ్డుమాష్టారు పిలిచారు. "చూడమ్మా, రోజులు బాగులేవు. కొండల వేపు గొడవలు జరుగుతున్నాయి, పోలీసు జీపులు తిరుగుతున్నాయి. వయసులో ఉన్న పిల్లవి, పనీపాటా లేకుండా తోటల్లో తిరిగితే రేపు మాటొస్తే బడికొస్తుంది. మీ నాన్నగారికి కబురు పెట్టేను. ఆయనొచ్చి ఏ మాట చెప్తే అలాగ" అన్నారు. నాన్నగారు వస్తే ఆయన చెప్పే మాట ఏమిటో నాకు తెలుసు. ఉద్యోగం మానిపించి తీసుకుపోతారు. మళ్ళీ ఆ నుయ్యి, ఆ పెరడు. కోపమూ భయమూ కలిసి ఆ సాయంత్రం నోట మాట లేకుండా నడిచాను. మామ్మ కూడా నా మొహం చూసి మాటలు తగ్గించింది. అప్పుడు మొదటిసారి ఎదురొచ్చే మనుషుల్ని సరిగ్గా చూశాను.

ఒకామె నెత్తిన చేపల తట్ట. ఇంకొకామెకి గడ్డిమోపు. చంకలో పిల్లాడు, చేతిలో కిరసనాయిలు సీసా ఉన్న ఆమె. నీళ్ళ బిందెలు. నా పక్కన మామ్మ, ఆమె చంకలో బుట్ట. వీళ్ళనెవ్వరినీ ఎవరూ ఎక్కడికని అడగడం లేదు. మగవాళ్ళు మాత్రం చేతులూపుకుంటూ, లేదంటే వెనక్కి కట్టుకుని, ఎటు చూస్తున్నారో కూడా తెలియకుండా నడిచిపోతున్నారు. వాళ్ళనీ ఎవరూ అడగడం లేదు. ఆ దారంతటికీ ఖాళీ చేతులున్న ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఇంతకాలం ఊరికి కంట్లో నలుసైనది నా నడక కాదు, నా చేతులు.

మర్నాడు మామ్మ సత్తు బిందె ఒకటి తీసుకుని బయల్దేరాను. అరుగు మీది ఆయన చూసి, "నీళ్ళకా అమ్మా" అన్నాడు. "ఆఁ" అన్నాను. తల పంకించి చుట్ట ముట్టించుకున్నాడు. అంతే. అటు సముద్రం తప్ప ఏమీ లేదని మొదటి రోజు నాకు చెప్పింది ఆయనే. ఆ ముక్క ఆయనకి గుర్తు రాలేదు. ఎవరికీ గుర్తు రాలేదు. ఖాళీ బిందె పట్టుకుని సముద్రం దాకా వెళ్ళి, ఖాళీ బిందెతోనే తిరిగొచ్చాను, ఊరు ఊరంతా నన్ను చూసి సంతోషించింది. "ఇప్పుడు బుద్ధిగా ఉన్నాది" అని మామ్మతో అన్నారట. హెడ్డుమాష్టారు కూడా దారిలో ఎదురై, "ఇప్పుడు బాగుందమ్మా" అన్నారు. ఆ మాటకి నాకొచ్చిన కోపం ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది. వాళ్ళ మీద సగమే. పట్టుకోమని ఎవరూ చెప్పకుండానే బిందె పట్టుకున్న నా చేతుల మీద మిగతా సగం.

అప్పటికే కబురందిన నాన్నగారు ఆ వారంలోనే బస్సు దిగారు. తెల్లటి పొందూరు పంచె, ఉత్తరీయం, గొడుగు. గదిలో నేను లేకపోతే మామ్మ సముద్రం దారి చూపించింది. ఒడ్డున బిందె పట్టుకుని నిలబడ్డ కూతుర్ని చూసి ఆయన ముందు అన్న మాట, "ఇక్కడ సముద్రం నీళ్ళు తాగుతారుటే?"

ఆయన గొంతు సవరించుకుని, "సరే, సామాను సర్దుకో. రేపు పొద్దున్న బస్సుకి వెళ్ళిపోదాం. నలుగురూ నాలుగు మాటలనే దాకా ఎందుకు" అన్నారు.

"నాన్నా, మీరు రోజూ సాయంత్రం కోట చుట్టూ తిరిగొస్తారు కదా. ఎక్కడికండీ అని మిమ్మల్ని ఎవరైనా అడిగారా?"

"నన్నెందుకు అడుగుతారే. నేను వాహ్యాళికి వెళ్తాను."

"నేనూ దానికే వెళ్తున్నాను."

"నీకు వాహ్యాళేవిటే" అన్నారు. అన్నాక ఆ మాట తనకే నచ్చనట్టు గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు.

అది చూసి నాకు ధైర్యం వచ్చింది. "అమ్మ చేతిలో ఏమీ లేకుండా వీధిలో నడవడం మీరు ఎప్పుడైనా చూశారా నాన్నా?"

మా నాన్నగారు ఎంత కోపిష్టి అయినా అబద్ధం ఆడే మనిషి కాదు. గొడుగు ఇసకలో గుచ్చి నిజంగానే ఆలోచించారు. "సింహాచలం మెట్లెక్కినప్పుడు" అన్నారు.

"చంకలో చెల్లి. చేతిలో మీ మడిపంచె."

"మరి గుళ్ళోకి వెళ్తే."

"పూలసజ్జ."

చాలాసేపటికి, గట్టి సాక్ష్యం దొరికినట్టు, "మా పెళ్ళిలో, పీటల మీదికి వచ్చేటప్పుడు" అన్నారు.

"కొబ్బరిబొండాం ఉంటుంది నాన్నా."

అప్పుడు నాకు అమ్మ కనిపించింది. అంతకుముందు ఇన్నేళ్ళూ కనిపించలేదని కాదు, ఆమె మోసే వస్తువులే కనిపించేవి. దుఃఖమో కోపమో తెలియలేదు, చేతిలోని బిందెని బలంకొద్దీ సముద్రంలోకి విసిరేశాను. జీవితంలో ఒకే ఒక్కసారి అంత గొప్పగా ఏదైనా చేశాననుకున్నాను. సముద్రం ఆ బిందెని కాసేపు అటూ ఇటూ ఊపి, నాలుగు బారల దూరంలో నీళ్ళ మీదే వదిలి పెట్టింది. "అది మామ్మది" అన్నాను నీరసంగా. నాన్నగారు నాకేసి ఒక చూపు చూసి, పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, నీళ్ళలోకి దిగారు. ఒక కెరటం వచ్చి ఆయన్ని నడుం దాకా తడిపింది. బిందె మాత్రం దొరికింది.

తిరిగొచ్చేటప్పుడు బిందె నేను పట్టుకోబోతే, "వద్దు, నేనే తెస్తాను" అన్నారు. తడిసిన పొందూరు పంచె కాళ్ళకి చుట్టుకుంటోంది, ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో సత్తు బిందె. పక్కన నేను, చేతులూపుకుంటూ. మొదటి ఇంటి దగ్గరే అడిగారు. "ఎక్కడ్నించి బాబూ?" నాన్నగారు మర్యాదగా చెప్పారు. రెండో ఇంటి దగ్గర, "బిందె మీరు మోత్తన్నారేటి బాబూ?" మూడో చోట, "పడిపోనారేటి?" తర్వాతి చోట ఒకావిడ ఆయనతో కాకుండా నాతో, "మీ నాన్నకి వంట్లో బాగునేదేటమ్మా?" అని అడిగింది. మా నాన్నగారి చెవులు ఎర్రబడటం నాకు స్పష్టంగా కనిపించింది. అరుగు మీది ఆయన వంతు వచ్చేసరికి అడక్కముందే, "ఊరికే" అన్నారు నాన్నగారు పళ్ళు బిగించి.

"ఏ ఊరికి బాబూ?" అన్నాడాయన.

ఇంటికి చేరేసరికి హెడ్డుమాష్టారు మామ్మ అరుగు మీద కూచుని ఎదురు చూస్తున్నారు. నాన్నగారు బిందె దింపి, ఉత్తరీయంతో మొహం తుడుచుకుని, నమస్కారమైనా పెట్టకుండా అన్నారు. "ఏవండీ, ఈ ఊళ్ళో మనిషి కాళ్ళు కదిపితే నేరవా? మా అమ్మాయి వాహ్యాళికి వెళ్తుంది. రోజూ వెళ్తుంది. ఇహ దాని గురించి నాకు కబురు పెట్టకండి." ఆయన గొంతులో ఆవేశమంతా నాది. నా కోపాన్ని ఇంకొకరి నోట వినడం అదే మొదటిసారి. వీధి చివరి దాకా వినిపించింది. మర్నాడు పొద్దున్న బస్సుకి ఆయన ఒక్కరే వెళ్ళారు.

తర్వాత ఎవరడిగినా వాహ్యాళికి అనే చెప్పాను. అదేదో మొక్కు పేరని ఊరు అనుకుంది. "వాయాలి పట్టినాదట" అని మామ్మ అందరికీ గౌరవంగా చెప్పేది. ఒక సాయంత్రం బుట్ట ఇంట్లో వదిలేసి మామ్మ కూడా వచ్చింది. చేతులు ఏం చేసుకోవాలో తెలియక కాసేపు కట్టుకుంది, కాసేపు నడుం మీద పెట్టుకుంది. చివరికి నా చెయ్యి పట్టుకుని, "తేలిగ్గా ఉన్నాదే" అంది.

ఇప్పుడు నేను ఎక్కడికి వెళ్తున్నానో అడిగేవాళ్ళు లేరు. మోకాళ్ళ కోసం డాక్టరు నడవమన్నాడని అందరికీ తెలుసు. నెమ్మదిగా నడుస్తాను, బెంచీ కనిపిస్తే కూచుంటాను, ఎదురొచ్చిన వాళ్ళని చూసి నవ్వుతాను. చాలా మంచిదాన్నైపోయాను. ఒక్కోసారి మాత్రం ఆ ఇసక మీద విసవిసా నడిచిన పిల్ల గుర్తుకొస్తుంది. ఇప్పుడు కనిపిస్తే నన్ను దాటుకుని, తల కూడా తిప్పకుండా వెళ్ళిపోతుంది. వెళ్ళనీ. దాని కోపంలో కాస్త నాకు వదిలి వెళ్తే, ఇంకో నాలుగడుగులు తొందరగా వేద్దును.